పదిహేడు మందిని పొట్టన పెట్టుకున్న "డి"

నేను అనకాపల్లిలో పదిహేడు మందిని పొట్టన పెట్టుకున్నాను. కత్తి లేదు, కర్ర లేదు, ఇంగ్లిషు అక్షరం ఒక్కటి చాలింది. అందులో ఇద్దరినైతే చర్చిలో మైకు పట్టుకుని, అందరూ చూస్తుండగా చంపాను. పోలీసులు రాలేదు గానీ చచ్చినవాళ్ళు వచ్చారు. పోలీసులే నయం.

రెండు వేల ఆరో, ఏడో. నాకు ఇరవై రెండేళ్ళు. కంప్యూటర్ కోర్సు ఒకటి పూర్తిచేసి, లోకంలో ఇక నేర్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదని తేల్చేసుకున్నాను. మా చర్చిలో జ్ఞానస్నానాల రిజిస్టర్లు చెదలు తినేస్తున్నాయని ఫాదర్‌గారు బాధపడుతుంటే, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని అడిగి మరీ నెత్తికెత్తుకున్నాను.

పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, ఊరు... మనిషికో వరస. చివర ఒక గడి మిగిలింది. ఎవరైనా సర్టిఫికెట్ పోగొట్టుకుని డూప్లికేట్ తీసుకుంటే, ఆ గడిలో "డి" అని కొట్టేదాన్ని. ఆ గడికి పేరు పెట్టలేదు. "డి" అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. ఎందుకు రాయాలి? నాకు తెలుసు కదా! నాకు తెలిస్తే లోకానికి తెలిసినట్టేనని ఆ వయసులో నా గట్టి నమ్మకం.

ఏడాది తిరిగేసరికి మా చర్చిలన్నిటికీ కలిపి పెద్దాఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. అన్ని ఊళ్ళ రికార్డులూ ఒకేచోట చేరతాయి. ఒక చర్చిలో రాసింది ఇంకో చర్చివాళ్ళు మళ్ళీ రాయక్కర్లేకుండా వాడుకోవచ్చు. ఆ పని చూసే సిస్టర్ ఫోన్ చేశారు.

"స్టెల్లా, నీ ఫైలు అందిందమ్మా. ఏ గడిలో ఏముందో, ఏ అక్షరానికి ఏం అర్థమో కాగితం మీద రాసి పంపు. నీ మనసులో మాట మా కంప్యూటరుకి తెలీదు కదా."

"చూస్తే తెలిసిపోతుంది సిస్టర్."

"ఆ చివరి గడి?"

"అదీ తెలిసిపోతుంది సిస్టర్."

నా ధీమా చూసి పాపం ఆవిడ కూడా నమ్మేశారు. కంప్యూటరుకి నిజంగానే తెలిసిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో "డి" అంటే "డెడ్".

నవంబరులో మృతుల పండుగ వచ్చింది. ఆ రోజు పూజలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేస్తాం. కొత్త సాఫ్ట్‌వేర్ తీసిచ్చిన లిస్టు ఫాదర్‌గారు నా చేతికిచ్చి, "కంప్యూటర్ పిల్లవి, నువ్వే చదువమ్మా" అన్నారు. ఒక్కసారైనా పైకీ కిందకీ చూసుకోకుండా మైకు ముందు నిలబడ్డాను.

మొదటి పేజీ సజావుగా సాగింది. అందులో ఉన్నవాళ్ళు నిజంగానే పోయినవాళ్ళు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రెండో పేజీలో మొదటి పేరు కశింకోట మరియమ్మ. మా చర్చిలో మరియమ్మలకు కొదవా? ఎవరో అనుకుని గొంతులో ఇంకాస్త విషాదం కలిపాను.

ముందు బెంచీలోంచి ఒక ముసలావిడ లేచింది. "ఏటే పిల్లా! నాను సచ్చిపోనానా? ఎప్పుడే?"

"లిస్టులో ఉంది మామ్మా" అన్నాను మైకులోనే. నా చదువు చూడండి! ఎదురుగా మనిషి నిలబడి అరుస్తుంటే, నేను కాగితాన్ని నమ్మాను.

"లిస్టులో ఉంటే? పొద్దున్నే షేర్ ఆటోలో నలుగురి మజ్జిన నలిగిపోయి వచ్చేనే! సచ్చినోల్లు ఆటో ఎక్కుతారా?"

అక్కడితో ఆపాల్సింది. కంగారులో నా నోరు తర్వాతి పేరు కూడా చదివేసింది: "కొండకర్ల జోజిబాబు."

జోజిబాబు అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగి. మూడు వారాల్లో పెళ్లి. ఆ పెళ్లికోసమే డూప్లికేట్ తీసుకున్నాడు. పక్కనున్న స్నేహితుడు అతని భుజం తట్టి, "బావా, పెళ్లి కాకుండానే పోనావేటి!" అన్నాడు. చర్చి మొత్తం గొల్లున నవ్వింది. ఫాదర్‌గారు తల దించుకున్నారు. ప్రార్థించారో, నవ్వారో నేటికీ తెలీదు.

నవ్వు మర్నాటిదాకా నిలవలేదు. పెళ్లికూతురిది విజయనగరం వైపు ఊరు. చర్చిలో ముందుగా చదివే పెళ్లి ప్రకటన కోసం అక్కడి ఫాదర్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో వరుడి పేరు వెతికారు. ఒకచోట రాసింది అంతటా పనికొస్తుంది కదా! నా తప్పు కూడా ఎవరూ మళ్ళీ రాసే శ్రమ లేకుండా అక్కడికి చేరిపోయింది. మర్నాడు పెళ్లికూతురి తండ్రి ఎర్రబడ్డ కళ్ళతో మా చర్చి ఆఫీసుకు వచ్చాడు. గుమ్మంలో జోజిబాబు ఎదురయ్యేసరికి గోడ పట్టుకున్నాడు.

"మామా, నాను బతికే ఉన్నాను!"

"మరి కంప్యూటరు సచ్చిపోనావని సెప్పింది కదా బాబూ! అబద్దమాడ్డానికి దానికేటి పని?"

"కంప్యూటరు కాదు మామా, ఈవిడ సెప్పింది" అని జోజిబాబు నన్ను చూపించాడు.

పెద్దాయన నన్ను తిట్టలేదు. "మా పిల్ల నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదమ్మా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

సిస్టర్‌కి ఫోన్ చేసి "డి" సంగతి ఒప్పుకున్నాను.

"ఆ కాగితం ఇప్పుడైనా రాసి పంపు తల్లీ. కానీ పోయినవాళ్ళని ఊరికే లేపడానికి మా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఆ అధికారం ప్రభువుకే ఉంది. బతికే ఉన్నామని ఒక్కొక్కరి చేతా సంతకం పెట్టించుకురా."

మొదటి సంతకం జోజిబాబుది. దాని కాపీ పట్టుకునే పెద్దాయన ఇంటికి బయల్దేరాడు. మిగతా పదహారు మంది కోసం ఊరూరా షేర్ ఆటోల్లో తిరిగాను. కశింకోటలో మరియమ్మ మామ్మ వేలు వెనక్కి లాక్కుంది.

"సచ్చినదాని సేత ఏలిముద్ర ఎలాగేయిత్తావే?"

బతిమాలాను. టీ ఇచ్చి, అరగంట తిట్టి, అప్పుడు వేసింది.

జోజిబాబు పెళ్లి అనుకున్న రోజునే జరిగింది. పెళ్లి రిజిస్టరు దరిదాపులకు మాత్రం నన్ను రానివ్వలేదు.

అందుకే కుడిచెయ్యి గుండె మీద వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఏ గడినీ పేరు లేకుండా వదలను. ఎవరి గురించీ ఒంటి అక్షరంతో రాయను. ఎప్పుడైనా ఒక మనిషి చనిపోయాడని రాయాల్సి వస్తే, ముందు వెళ్ళి ఆ మనిషినే ఒక మాట అడిగి వస్తాను.