పులికాటు ఒడ్డున తీసిన మీసం

దసరా సెలవులిచ్చిన మర్నాడు పొద్దున ఆరున్నరకు నెల్లూరులో మద్రాసు వైపు పోయే పాసెంజరు ఎక్కాము. మేము పదహారుమంది కాలేజీ విద్యార్థులం. మమ్మల్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక తెలుగు లెక్చరరుగారు. పులికాటు సరస్సు ఒడ్డున ఒక పల్లెలో పన్నెండు రోజులు కలిసి ఉండి, వీధినాటకం నేర్చుకుని, చివరి రోజు అక్కడే ఆడి రావాలన్నది మా నాటక సంఘం తీర్మానం. కళ మీద ప్రేమతో నేను చేరలేదు. ఇంటికి పోతే మా నాయన నాట్లలోకి దించుతాడని చేరాను. శిక్షణ శిబిరానికి పోయి పదమూడో రోజు సాయంత్రం బండికి ఇంటికొస్తానని ఆయనకు ఉత్తరం రాశాను, ఏ శిక్షణో రాయలేదు.

మాది మనుబోలు దగ్గర పల్లె. బండి మనుబోలులో ఆగినంతసేపూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గూడూరులో ఇడ్లీ తిన్నాము. అక్కడ పావుగంట ఆగుతుంది కాబట్టి తొందరపడనక్కర్లేదు. దొరవారిసత్రంలో దిగేసరికి తొమ్మిదింబావు. అక్కడి నుంచి సామానుకు ఒంటెద్దు బండి, మనుషులకు కాళ్లు. నయాపైసలు వచ్చి నాలుగైదేళ్లయినా బండివాడు అణాల్లోనే బేరమాడాడు.

"కాలేజీలో చదివేటోళ్లకు ఇక్కడ నేర్చుకునేదేముండాది సామీ?" అన్నాడు.

"ఆట" అన్నాను.

"ఆటకు చదువెందుకు?" అన్నాడు.

బస పల్లె బడిలో. వరండాలో అందరికీ ఒకే వరసలో చాపలు. మా గురువు బ్రహ్మయ్యగారికి డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఆయన తాతల నాటి నుంచి వాళ్ల ఇంట్లో అందరూ వేషగాళ్లే. తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి, గొంతు సాధనకు సరస్సులో నిలబెట్టేవాడు. ఆ సరస్సులో మొలలోతు దొరకాలంటే పావుమైలు లోపలికి నడవాలి. మేము రాగం ఎత్తుకోగానే గూడబాతులు లేచిపోయేవి. ఏడింటికి చద్దన్నం, ఎనిమిది నుంచి ఇసుకలో అడుగులు, మధ్యాహ్నం వంతులవారీ వంట. నా వంతు రోజున అన్నం మాడింది, అది వేరే కథ. వారం తిరిగేసరికి ఎవరి పాట ఎవరిదో తెలియకుండా అందరి పాటలూ అందరికీ వచ్చేశాయి. హాస్టల్లో రెండేళ్లు పక్కపక్క గదుల్లో ఉండి పలకరించుకోని వాళ్లం ఒకే పళ్లెంలో మామిడికాయ ఊరగాయ నంజుకున్నాము.

పదో రోజు రంగనాథానికి చలిజ్వరం వచ్చింది. రాణి వేషం అతనిదే. అతన్ని నాయుడుపేట ఆస్పత్రికి పంపించి, బ్రహ్మయ్యగారు మిగిలిన అందరిచేతా రాణి పాట పాడించాడు. "నువ్వే" అని నన్ను చూపించాడు. "నడక కూడా ఉండాది నీకు."

అందరూ నవ్వారు. నేను మాత్రం మూతి తడుముకున్నాను. నాకప్పటికి ఏడాదిన్నర వయసున్న మీసం ఉంది. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదని మా వైపు గట్టి పట్టింపు. తండ్రి పోయినప్పుడు తీసేది అది. మాతోపాటు వచ్చిన శామ్యూలు ముందుకొచ్చి, "మా ఇళ్లల్లో ఆ పట్టింపు లేదు గురువుగారూ, నేను తీసేస్తాను" అన్నాడు. మంచివాడే. కానీ అతను గొంతు విప్పితే గట్టు మీద పడుకున్న గేదెలు లేచి నిలబడ్డాయి.

మీసం మీద అరదళం పూసి చూశాము. అది వేషానికి మొహాన పూసే పసుపుపచ్చ రంగు. దాగకపోగా పసుపు మీసమై ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది.

"తియ్యమని నేను చెప్పను నాయనా" అన్నాడు బ్రహ్మయ్యగారు. "మా ఇళ్లల్లో మొదటిసారి తండ్రే తన చేత్తో గీస్తాడు. నీకా వీలు లేదు. ఈ ఆట ఆడి ఆరేళ్లయింది. ఇంకో ఆరేళ్లు ఆడకపోయినా కొంప మునగదులే."

ఆ చివరి మాట నవ్వుతూనే అన్నాడు. కానీ డెబ్బై ఏళ్ల మనిషి ఇంకో ఆరేళ్లనే మాట అనేసరికి నాకు కష్టమనిపించింది. నేనే పోయి శామ్యూలు ముందు కూర్చున్నాను, అతను రేజరు అందుకున్నాడు. రెండు నిమిషాల పని.

చివరి రోజు రాత్రి ఆడవలసిన ఆట, లెక్చరరుగారికి చీకట్లో కళ్లు ఆనవని సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టాము. ఇద్దరు తెర పట్టుకున్నారు. దాని వెనక నేను పాట సగం పాడాక తెర దించారు. ముందు వరసలో ఒక ముసలామె, "ఎవురి బిడ్డో, ఎంత లచ్చనంగా ఉండాడో!" అంది. తాళం వేస్తూ బ్రహ్మయ్యగారు కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ గంటసేపు మా నాయన నాకు గుర్తే రాలేదు.

మర్నాడు రెండింటి బండికి తిరుగు ప్రయాణం. గూడూరులో మా ఊరి సుబ్బన్న ఎక్కాడు. నెల రోజులు మద్రాసులో కూతురి దగ్గర ఉండి, మెయిల్లో వచ్చి ఇక్కడ బండి మారుతున్నాడట. నా మొహం చూడగానే సంచీ కింద పడేసి, "ఎప్పుడు అబ్బయా? నాకు ఒక్క కార్డు ముక్కైనా రాయలేదే!" అని గొల్లుమన్నాడు. పెట్టెలో అందరూ లేచి నిలబడ్డారు. మా నాయన బతికే ఉన్నాడనీ, నేను రాణి వేషం కట్టాననీ చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒప్పుకున్నాక ఏడుపు పోయి కోపం వచ్చింది.

"ఆయన ఎదట ఎట్టా నిలబడతావురా? ఇదుగో, ఈ తుండు మూతికి కట్టుకో. పన్ను నొప్పని చెప్పు. నాలుగు వారాలు తోయొచ్చు."

కట్టుకున్నాను. మనుబోలులో దిగేసరికి నాలుగు దాటింది. నాయన బండి కట్టుకుని వచ్చి ఉన్నాడు.

"పన్ను నొప్పా?" అన్నాడు.

సుబ్బన్న నా వెనక నుంచి అవునన్నాడు. నేను మాత్రం అనలేకపోయాను. తుండు విప్పేశాను. నాయన చూశాడు, చెయ్యి మొలలోకి పోయి చుట్ట తీసింది గానీ వెలిగించలేదు. ఏ వేషమో, ఎందుకు తీయవలసి వచ్చిందో అంతా చెప్పాను. "ఎక్కండి" అన్నాడు, అంతే.

రోడ్డు దిగి వరి కయ్యల మధ్యకు వచ్చాక అడిగాడు. "ఇంటి కాడ మీ అమ్మ పాడనియ్యదు. ఆ పాటేందో ఈడే పాడు."

పాడాను. పన్నెండు రోజుల్లో నేర్చుకున్న పాటల్లో అదొక్కటైనా నాకు బాగా వచ్చిందని అప్పుడు తెలిసింది. పాట అయ్యాక నాయన వెనక్కి తిరిగి నా మొహం తీరిగ్గా చూశాడు.

"తను పోయినాక కొడుకెట్టా ఉంటాడో ఏ తండ్రీ చూడలేడు. ఈ పొద్దు నేను చూసినా. బాగానే ఉండావులే" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఎడ్లను అదిలించాడు.