పొడపత్రి పందిరి మీద అల్లమంద

మా డిగ్రీ కాలేజీ వెనక ఉన్న ఔషధ మొక్కల తోట పదేళ్లుగా నా బాధ్యత. బోటనీ చెప్పేది నేనే కదా అని నాకు అప్పగించారు. పోయినేడు వేసవిలో బోరు మోటారు కాలిపోయింది. బాగుచేయించమని ఎన్నిసార్లు రాసినా ప్రిన్సిపాల్ గారు పట్టించుకోలేదు. పొడపత్రి తీగ పందిరి మీదే ఎండిపోయింది.

కాలేజీకి గ్రేడ్ ఇచ్చే కమిటీ తనిఖీకి వస్తుందనగా ముందు రోజు కడియం నర్సరీల నుంచి వ్యాన్ నిండా మొక్కలు దిగాయి. తొట్లతో సహా గోతుల్లో దించి పైన మట్టి కప్పేశారు. పొడపత్రి పందిరికి అల్లమంద తీగ పాకించారు. ‘పొడపత్రి - షుగరుకి మందు’ అన్న పాత బోర్డు అలాగే ఉంచారు.

“ఇది పొడపత్రి కాదు సార్. కడుపులోకి పోతే వాంతులూ విరేచనాలూ,” అన్నాను ప్రిన్సిపాల్ గారితో.

“తీగే కదండీ మేడం! ఆ పసుప్పచ్చ పువ్వులు తుంచేయండి. వచ్చేవాళ్లు చూస్తారా, తింటారా?”

తుంచాను. పాలు కారి వేళ్లు జిగటగా అంటుకున్నాయి.

మర్నాడు కమిటీ వాళ్లు పూతరేకులు నములుతూ తోటలోకి వచ్చారు. ఒకాయన నోట్లోది మింగకుండానే “ఇదేంటండీ?” అన్నాడు.

“పొడపత్రండి. షుగరుకి మంచిది,” అన్నాను. ఆయన తీగ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. వాళ్లు పారేసిన నేతి కాగితాల మీద సాయంత్రం దాకా ఈగలు ముసిరాయి.

నాలుగు రోజులకి, తోట ఊడ్చే ఆవిడ పనిలోకి రాలేదు. ఆవిడకి షుగరు. బోర్డు చూసి గుప్పెడు ఆకు కోసుకెళ్లి కషాయం కాచుకు తాగిందట. పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు.

నేను వెళ్లేసరికి మంచం పక్కన వాంతి బేసిన్ ఉంది.

“బోర్డు మా మనవరాలు చదివి చెప్పిందండి. నేనే ఆకు ఎక్కువ వేసేసుకున్నానేమో మేడం గారూ,” అంది.

“ఎక్కువై కాదమ్మా. అది పొడపత్రి కాదు.”

“మీకు తెలుసాండీ?”

“తెలుసు.”

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేస్తే, “ఎవరు తాగమన్నారండీ ఆవిణ్ణి? రిపోర్టు వచ్చేదాకా తీగ కదపకండి,” అన్నారు. తిన్నగా తోటకి వెళ్లి తొట్టితో సహా పీకేశాను. జరిగినదంతా కమిటీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. కాలేజీకి మంచి గ్రేడ్ మాత్రం వచ్చింది. సన్మాన సభలో శాలువాకి నా పేరూ పిలిచారు. లేవలేదు. అదేమంత గొప్ప సంగతి కాదు. లేవాల్సింది తనిఖీకి ముందు రోజు.

ఆవిడ పది రోజులకి తిరిగి పనిలోకి వచ్చింది. ఇంట్లో రోజూ తులసికి నీళ్లు పోసే మనిషి, తులసి మడి దగ్గర చీపురు ఆపి, “ఇది తులసేనాండి?” అనడిగింది. మాటలో వెటకారం లేదు. అవునన్నాను.

ఆవిడ ఒక ఆకు తుంచి, నలిపి, తనే వాసన చూసుకుంది.