ఎల్లేశం అరికాళ్లు

శ్రీరాంపూర్ బొగ్గుగనిలో ఎల్లేశం ఇరవై ఆరేళ్లుగా హాలేజీ నడుపుతున్నాడు. కింద బొగ్గు నిండిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగించడం ఆయన ఉద్యోగధర్మం. ఆయన ఒంట్లోని కొవ్వుకు మాత్రం ఈ ధర్మం అబ్బలేదు.

ముందు పాదాలు, తర్వాత చేతివేళ్లు మొద్దుబారాయి. బొబ్బ లేచాకగానీ చాయ్ వేడిదని తెలిసేది కాదు. కుష్ఠేమోనని వాడకట్టంతా కొన్నాళ్లు ఎంతో గౌరవంగా దూరం జరిగింది. చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ ఆయన గొంతులో నారింజరంగు గడ్డలు చూసి, రక్తపరీక్షలు చేయించి సంగతి తేల్చింది.

"కణంలో మిగిలిన కొవ్వును బయటికి చేరవేసే ప్రోటీన్ ఒకటుంటది. మీకు అది పుట్టుకతోనే పనిచేస్తలేదు. అందుకే రక్తంలో కొవ్వు తక్కువ, లోపల ఎక్కువ. నరాలు దెబ్బతిన్నయి."

"అంటే హాలేజీ బందయింది. లోడు టబ్బులు కిందనే నిలవడ్డయి."

"అంతే."

"తాడు మార్చొస్తదా మేడం?"

"ఇంకా మందు రాలే."

ఎల్లేశం తలూపాడు. బాధ కూడా కాళ్ల దాకా వచ్చి ఆగినట్టుంది.

జబ్బుతో పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే ఉద్యోగం బిడ్డకు వస్తుంది. ఆయన బిడ్డ శ్యామల డిగ్రీ అయ్యి మూడేళ్లుగా ఇంట్లోనే ఉంది. అందుకే బోర్డు ముందు మూలగడం కాలనీలో ఒక శాస్త్రం. దానికి ఆచార్యుడు ఆయన బావమరిది బాలమల్లు.

"రిపోర్టు ఎవడు సదువుతడు బావా? సూది ముట్టంగనే అబ్బా అనాలె."

"నాకు సూది తెల్వదు గదరా."

"గందుకే జర అందాజగ అను."

బోర్డులో డాక్టరు ఆయనను పడుకోబెట్టి, కళ్లమీద తువాలు కప్పాడు. పొద్దుటి నుంచి తొమ్మిదిమంది మూలుగులు విని ఉన్నాడు.

"గుచ్చినప్పుడు చెప్పు."

ఎల్లేశం మనసులో మూడు లెక్కపెట్టాడు. "అబ్బా."

"ఇంకా గుచ్చలే."

మళ్లీ మూడు లెక్కపెట్టాడు. "అబ్బా."

డాక్టరు గుచ్చని సూదిని ట్రేలో పెట్టేసి రిపోర్టు తిరగేశాడు. "కొలెస్ట్రాల్ ఇంత తక్కువనా? నాకంటె నువ్వే నయం." ఫిట్ అని రాశాడు.

ఎల్లేశం మండుటెండలో తారురోడ్డు మీద నడుచుకుంటూ ఇల్లు చేరాడు. భార్య అనసూర్య గుమ్మంలోనే ఆపింది.

"ఇంకో కాలి చెప్పు ఏది?"

కిందికి చూశాడు. ఎడమకాలు ఉత్తదే. అరికాలి తోలు లేచి నెత్తురు కారుతోంది. చెప్పు బోర్డులో, బల్ల కింద ఉండిపోయినట్టుంది.

"నొస్తలేదా?"

"లే."

శ్యామల నీళ్లు తెచ్చి కాలు కడిగింది. ఎల్లేశం ఆ కాలిని ఎవరిదో అన్నట్టు చూశాడు.

"రేపు మొదటి షిఫ్ట్," అన్నాడు. "పాత బూట్లు ఏడున్నయో సూడు బిడ్డా."