కుడి భాగం పైకి

మస్కట్‌లో మా కంపెనీ మేనేజర్ కొరియా ఆయన. శుక్రవారాల్లో బర్కా దగ్గరి గుర్రపుశాలలో మాలో కొందరికి గుర్రం మీద నుంచి బాణాలు వేయడం నేర్పేవారు. ఆయన ఫోన్‌లో తమ దేశపు పాత సమాధి గోడచిత్రం ఒకటి ఉండేది. అందులో వేటగాడు పరుగెత్తే గుర్రం మీద నడుము తిప్పి, వెనకున్న జింకకు గురిపెడతాడు. కంపెనీ వార్షికోత్సవంలో ఆ వేటగాడి వేషం నాకిస్తానన్నారు. ముందు పరీక్షలో ఆ దుస్తుల్లోనే, అలాగే వెనక్కి తిరిగి గురిచెక్కను బాణంతో కొట్టాలి. కొట్టలేకపోతే వేషం ఇంకొకరికి.

నేను డిజైన్ ఇంజనీరుని. బొమ్మను పెద్దది చేసి ఒక్కొక్కటే గీసుకున్నాను: ఈకల టోపీ, మెడకూ అంచులకూ నల్లపట్టీ, నడుంకట్టు, చీలమండల దగ్గర బిగించిన వదులు పైజామా. చొక్కాకు గుండీల్లేవు. కుడి భాగం ఎడమ భాగం మీదికి వస్తుంది. రూవిలో మా రూమ్ కింద షాపున్న కడప టైలర్‌కు ఆ కాగితం ఇచ్చాను.

పరీక్ష ముందురోజు చొక్కా చేతికొచ్చింది. ఎడమ భాగం పైన ఉంది.

“మగోళ్లకు ఎడమదే పైకొస్తాది అబ్బీ. నువ్వు గీసింది ఆడోళ్ల పక్క. తప్పు పడిందని నేనే సరిజేసినా,” అన్నాడు టైలర్.

మళ్లీ కుట్టించే వ్యవధి లేదు. అలాగే వేసుకెళ్లాను.

మొదటి పరుగులో వదిలిన వింటినారి ఛాతీ దగ్గర చొక్కాలో చిక్కుకుంది. బాణం గుర్రం కాళ్ల పక్కనే పడింది. రెండోసారీ అంతే. గుర్రాలవాళ్లు నవ్వారు. మేనేజర్ ఇంకొక్క అవకాశం అన్నారు.

దిగి చొక్కా చూసుకున్నాను. నారి కుడి నుంచి ఎడమకు దూసుకెళ్తుంది. పైభాగం అంచు దానికెదురుగా నోరు తెరుచుకుని ఉంది. కట్టు విప్పి, కుడి భాగాన్ని పైకి తెచ్చి, మళ్లీ బిగించాను. నల్లపట్టీ లోపలికి పోయి, పట్టీ లేని అంచు బయటపడింది. పడనీ అనుకుని గుర్రమెక్కాను.

ఈసారి నారి గుడ్డ మీదుగా జారిపోయింది. బాణం చెక్క అంచున దిగింది.

మేనేజర్ మెచ్చుకోలేదు. ఫోన్‌లో బొమ్మను నా ఛాతీ పక్కన పెట్టి చూసి, వార్షికోత్సవం నాటికి ఈ అంచుకు పట్టీ ఉండాలన్నారు.

సాయంత్రం టైలర్ దగ్గరికి వెళ్లి కుడి అంచుకు పట్టీ వేయమన్నాను.

“ఆడోళ్ల పక్కేనా?”

“అదే పక్క భాయ్.”

చొక్కాను మిషన్ కిందికి తోసి, “నా షాపులో కుట్టించినానని మాత్రం చెప్పొద్దు,” అన్నాడు.