బానెట్ కింద పెట్టిన చెయ్యి

మా మరిదిగారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తోటికోడలి కోడలు. పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తూ ఉంటే, పెరటి గుమ్మంలోంచి వచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, "పెద్దత్తయ్యగారూ, మావయ్యగారు పలకటం లేదండి" అంది. పోయారు అనలేదు. నేను వెళ్లేసరికి ఆయన మొహం ప్రశాంతంగానే ఉంది. నిద్రలోనే తీసుకుపోయినందుకు భగవంతుడికి దణ్ణం పెట్టుకున్నాను. పరామర్శకి వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని, "అన్నగారి మీద కారు బానెట్ పడేసినాయన ఈయనే కదండీ" అనుకోవడం నా చెవిన పడింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. బడికి వెళ్లకుండా నాన్నగారి దగ్గర ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నదాన్ని, పెద్దగా రాయడం రాదు. అయినా నా ఈడువాళ్లు అర్థం చేసుకుంటారని ఇది రాస్తున్నాను.

మాది మామిడికుదురు దగ్గర పల్లె. మావారూ, మరిదిగారూ ఒకే పెరడు పంచుకున్న అన్నదమ్ములు. గట్టు మీది చెట్టు నుంచి రాలిన కొబ్బరికాయ ఎవరి వైపు పడిందన్న దగ్గర మొదలైన మాట, ఏళ్ల తరబడి వాళ్ల మధ్య మాటలే లేకుండా చేసింది. ఆడవాళ్లం మాత్రం మానలేదు. గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ వెళ్తూనే ఉండేవి. ఉప్పు తగ్గిందో పులుపు కుదిరిందో అన్నదమ్ములిద్దరూ మాకే చెప్పేవారు, మేమే చేరవేసేవాళ్లం.

తరవాత మావారికి మూత్రపిండాలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి అమలాపురం వెళ్లక తప్పేది కాదు. అందుకోసం ఎడమ చేతిలో రెండు రక్తనాళాలని కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి ఆన్చితే చర్మం కింద తుమ్మెద ఉన్నట్టు జుమ్మని తెలిసేది. అది ఉన్నంతవరకే ఆ చెయ్యి పనికొస్తుందనీ, దానితో బరువెత్తకూడదనీ, దెబ్బ తగలనివ్వకూడదనీ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. రోజూ దీపం పెట్టగానే వెళ్లి ఆయన చేతి మీద అరచెయ్యి వేసి చూసేదాన్ని; జుమ్మంటే ఆ పూటకి దేవుడు నా మొర విన్నట్టే.

ఆయన్ని కారులో తీసుకెళ్లేది నేనే. పక్కన కూర్చుని ఓపిగ్గా ఆయనే నేర్పారు, ఆ పుణ్యం ఆయనదే. పాత కారు కావడంతో బయల్దేరే ముందు రేడియేటర్లో నీళ్లు చూసుకోకపోతే దారిలో పొగలు కక్కేది. బానెట్‌ని నిలబెట్టే కడ్డీ తుప్పుపట్టి విరిగిపోతే, మన వైపు అన్నిటికీ ఉన్న ఉపాయమే కనక, ఒక కొబ్బరి మట్ట పోటు పెట్టుకుని నెట్టుకొచ్చేవాళ్లం. నాకేమో భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు. అది చూసి ఆయన ఫోనులో వెతికి వెతికి గ్యాస్ స్ట్రట్లు తెప్పించారు. సైకిలు పంపుల్లాంటి రెండు గొట్టాలు. బానెట్‌కి చెరో పక్కా బిగిస్తే, కాస్త ఎత్తగానే అదే లేచి నిలబడుతుంది. "రేపు నేను వెనకసీట్లో పడుకునే రోజొస్తే నువ్వొక్కదానివే చూసుకోవాలి కదా" అన్నారు.

స్పానరు ఇంకొకరి చేతికి ఇచ్చే మనిషి కాదు ఆయన. కానీ బిగించేటప్పుడు బానెట్ పట్టుకునే మనిషి కావాలి. ఆయన ఎత్తకూడదు, నేను ఎత్తలేను. గోడ దగ్గర తోటికోడలితో ఆ మాట అన్నానో లేదో, మరిదిగారు బనీను మీదే వచ్చేశారు. పిలిచింది అన్నగారు కాదు. అయినా వచ్చారు.

"వదినగారూ, ఈ సన్నవైపు పైకా కిందకా అడగండి" అంటూ, మూరెడు దూరంలో ఉన్న అన్నగారిని నాచేత అడిగించారు.

"కిందకేనని చెప్పు. కంగారు పడొద్దని కూడా చెప్పు. తాటిముంజెలు కొయ్యమంటే బొటనవేలు కోసుకున్న మనిషి."

"ఆయ్, ఆ ముంజెలన్నీ తినేసిందెవరో కూడా అడగండి వదినగారూ."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాను. పోయేలోగా తమ్ముడితో నోరారా మాట్లాడాలని ఆయనకి ఎంతుందో నాకు తెలుసు. స్వామీ, ఈ ఒక్క పూట వీళ్లని ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడించు అని మనసులో మొక్కుకుంటూనే ఉన్నాను.

ఒక పక్క గొట్టం బిగించారు. దాని చివరి గుంట, బానెట్‌కి బిగించిన బిళ్లకున్న గుండు మీద కూర్చుని టక్కుమనాలట. రెండు పక్కలా అలా కుదిరి, ఊపి చూసుకున్నాకే మట్ట తియ్యాలట. ఇదంతా మావారికి తెలుసు. రెండో పక్కన అడ్డొస్తోందని మరిదిగారు మట్ట మీద చెయ్యి వేశారు. మావారు చూశారు. చూసి, అప్పుడు కూడా నా వైపే తిరిగి, "మట్ట ఇప్పుడే తియ్యొద్దని చెప్పు" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మట్ట ఊడి వచ్చేసింది. మొదటి గొట్టం సరిగ్గా కూర్చోలేదు కాబోలు, అదీ జారిపోయింది. మరిదిగారి తల బానెట్ కిందే ఉంది.

"ఒరేయ్ చిన్నోడా, తల" అంటూనే మావారు అడ్డంగా చెయ్యి పెట్టేశారు. ఎడమ చెయ్యి.

మరిదిగారికి గీత కూడా పడలేదు. నేను పరుగున వెళ్లి మావారి చేతి మీద అరచెయ్యి వేశాను. చర్మం కింద ఏమీ లేదు. చెయ్యి మార్చి మళ్లీ వేసి చూశాను. మరిదిగారు నా మొహం చూసి అక్కడే మట్టిలో కూలబడిపోయారు.

ఆ నాళం మళ్లీ తెరుచుకోలేదు. ఇక రక్తం శుద్ధి చెయ్యడానికి మెడ దగ్గర గొట్టం పెట్టారు. ఆ తరవాత కొన్ని నెలలు మరిదిగారే కారు నడిపారు. అన్నగారు పక్క సీట్లో, నేను వెనక. దారి పొడుగునా బొండాల కాపు గురించీ, కాలవ నీళ్ల గురించీ, వాళ్లమ్మగారు వండే పనసపొట్టు కూర గురించీ మాట్లాడుకునేవారు. మధ్యలో చేరవేయడానికి నాకు పని లేకుండా పోయింది. అంత సుఖం నేనెప్పుడూ ఎరగను. మరిదిగారు ఆ రోజు సంగతి ఎత్తబోతే, "వడియాలు కాకులు తినేస్తున్నాయేమో చూసి రారా" అని పంపేసేవారు మావారు. చివరికి ఆ మెడ దగ్గర గొట్టం నుంచే జ్వరం పట్టుకుని, ఆయన్ని తీసుకుపోయింది.

ఆ స్ట్రట్లు మెకానిక్కు వచ్చి సరిగ్గా బిగించాడు. మావారు పోయాక కూడా మరిదిగారు రోజూ పొద్దున్నే వచ్చి, బానెట్ ఎత్తి, నా కారులో నీళ్లు చూసి వెళ్లేవారు. అది దానంతట అదే నిలబడేది. అయినా మూసేదాకా ఆయన ఒక చెయ్యి దాని కింద ఉంచేవారు. అదే నిలబడుతుంది కదండీ అంటే, "నిలబడుతుంది వదినగారూ" అనేవారు, చెయ్యి మాత్రం తీసేవారు కాదు.

ఇప్పుడు ఏ పనికీ ఇంకో మనిషి అక్కర్లేదు. బానెట్ పట్టుకోవడానికి గోడవతలి మనిషిని పిలవడమంటే ఈ కాలంవాళ్లకి వింతగా ఉంటుంది. సుఖమే, కాదనను. అలా పిలవాల్సి వచ్చినందుకే కదా వాళ్లిద్దరికీ ఆ కొద్ది నెలల మాటలు దక్కాయని ఆ దేవుడికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను, చెప్పుకుంటూనే ఏడుస్తాను. మావారు మరిదిగారిని తప్పు పట్టలేదు, నేనూ పట్టలేదు. ఆయనే తనని తాను ఒక్కరోజూ విడిచిపెట్టలేదు. మీ పూజలో మీవాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, ఎవరో ఏమిటో తెలియకపోయినా సరే, మా మరిదిగారిని ఒక్కసారి తలుచుకోండి.