తేమ: ముప్పై ఆరు

"చచ్చినదాని నాడి రోజూ పట్టి చూడ్డానికి నీకు జీతమెందుకిస్తున్నారు బావా?"

అడిగింది బావమరిది, అందరూ భోజనానికి కూర్చున్న వేళ. అడిగించుకున్నది ఊరి చివరి బొగ్గు కరెంటు కేంద్రంలో ఇరవై ఎనిమిదేళ్లు బాయిలర్ ఆపరేటరుగా చేసిన మనిషి. డ్యూటీకి ఏనాడూ ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్లలేదు కనక అందరూ ఆయన్ని గడియారం అనేవారు. కేంద్రం మూతపడి అప్పటికి మూడేళ్లు. బావమరిది ఉద్యోగం దానితోపాటే పోయింది. గడియారం ఉద్యోగం మాత్రం మిగిలింది.

"చచ్చిపోలేదురా, నిద్రపోతోంది," అన్నాడు గడియారం.

"మూడేళ్ల నిద్రా? మా అక్క కూడా అంత పడుకోదు."

"ఒరేయ్, గరిటె నా చేతిలోనే ఉంది," అంది అక్క.

ముగ్గురూ నవ్వారు. అందరికన్నా ముందు ఆగిపోయింది గడియారం నవ్వు.

భూమి వేడెక్కుతున్న సంగతి మీద చట్టసభలో ఆరేళ్లు చర్చ నడిచింది. నడవడం తప్ప దానికి వేరే పని లేదు. చివరికి దేశాధినేత విసిగిపోయి, తన చేతిలో ఉన్న అధికారంతో ఉత్తర్వు ఇచ్చారు: నలభై ఏళ్లు దాటిన బొగ్గు కేంద్రాలన్నీ తొంభై రోజుల్లో మూతపడాలి. బిల్లు లేదు, ఓటింగు లేదు. రెండు పేజీలు, ఒక సంతకం. నియంతృత్వమని కొందరు, భూమాత కన్నీరు తుడిచిన చెయ్యి అని కొందరు పత్రికల్లో కొట్టుకున్నారు. రెండు పక్షాల్లోనూ ఎవరూ రెండో పేజీ తిప్పినట్టు లేరు. మూసినవాటిలో పదకొండు బాయిలర్లను కూల్చకుండా అట్టేపెట్టాలనీ, ఎండలు ముదిరి కరెంటు చాలకపోతే పదిహేను రోజుల్లో వెలిగించేలా ఉంచాలనీ అక్కడ ఒక షరతు ఉంది. ఆ పదకొండింటిలో ఒకటి గడియారం చూసుకునేది.

ఉత్తర్వు పనిచేసింది. అది ఒప్పుకోకపోతే అబద్ధమాడినట్టే. ఆరేసిన బట్టల మీద నల్లపొడి పడటం మానేసింది. గడియారం భార్యకు తొమ్మిదేళ్లుగా ఉన్న దగ్గు నాలుగో నెలకల్లా పోయింది. అయితే కేంద్రం ఆగిన మర్నాడు పొద్దున ఆమె ఉలిక్కిపడి లేచింది. పాతికేళ్లుగా కేంద్రం యంత్రాల అదురుకి అలమరలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతుండేవి. ఆ రోజు మోగలేదు.

"ఏమండీ, ఇంట్లో ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టుంది," అంది.

ఆయన పని చెప్పుకోవడానికి చిన్నది. తొమ్మిది కుర్చీల కంట్రోల్ రూములో ఒక్కడే కూర్చోవాలి. ఉదయం పదింటికి ఆరో అంతస్తు ఎక్కాలి, లిఫ్టు లేదు. అక్కడ బాయిలర్ లోపలికి పొడిగాలి పంపే యంత్రం ఒకటి తిరుగుతుంటుంది. దాని పక్క ముల్లు చూసి లోపల తేమ ఎంతో లాగ్ బుక్కులో రాయాలి. నలభై దాటితే ఇనుము తుప్పు పడుతుంది. ఎక్కి దిగినందుకు రోజుకు అరవై భత్యం. దిగాక పెద్దాఫీసు నుంచి ఫోను వచ్చేది, రోజూ అదే ఆడగొంతు.

"కరెంటు ఎంత తీస్తున్నారు?"

"సున్నా."

"రాసుకున్నాను."

ఐదో నెలలో ఒక ఉదయం ఆరో అంతస్తులో ఉండగా బాయిలర్ లోపల, కింద ఎక్కడో, ఎవరో ఇనుము మీద కొట్టారు. టంగ్, టంగ్, టంగ్. ఆగింది. మళ్లీ మూడు.

ఆ దెబ్బలు ఆయనకు తెలుసు. బూడిద దిగే గరాటు లాంటి పెద్ద తొట్టిని హాపర్ అంటారు. బూడిద గడ్డకట్టి ఇరుక్కున్నప్పుడు పొట్టి మేస్త్రీ సుత్తితో దాన్ని మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి విని, మళ్లీ మూడు కొట్టేవాడు. ఆ మేస్త్రీ కేంద్రం మూతపడటానికి ఏడాది ముందే గుండె ఆగి చనిపోయాడు.

గడియారం మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. మర్నాడు మూడో అంతస్తు దాకా వెళ్లాడు. మళ్లీ వినబడింది. వెనక్కి వచ్చేశాడు. ఆ మర్నాడు కుర్చీలోంచి లేవలేదు. కిందటిసారి తేమ ముప్పై ఆరు ఉంది. ఇవాళ మాత్రం ఎంతుంటుంది? ముప్పై ఆరు వేశాడు. తరువాతి రోజూ అదే వేశాడు. నిజంలా కనబడాలని అప్పుడప్పుడు ముప్పై ఏడు వేసేవాడు. ఇంట్లో నోరు మెదపలేదు. యాభై నాలుగేళ్ల ఆపరేటరు దెయ్యానికి భయపడి మెట్లెక్కడం మానేశానని ఎవరితో చెప్పుకుంటాడు?

రెండో ఏడు ఆ చప్పుడు కంట్రోల్ రూము దాకా రావడం మొదలెట్టింది, అదీ పట్టపగలు. ఆయన లోపలి నుంచి గడియ పెట్టుకునేవాడు. అవతల అసలు మనుషులు ఉన్నారో లేదో చూద్దామని ఒక రోజు ఫోనులో, "నూట పది," అన్నాడు.

"రాసుకున్నాను," అంది అదే గొంతు, అదే తీరులో.

నిప్పు లేని బాయిలర్ ఆ రోజు కాగితం మీద నూట పది మెగావాట్లు తీసింది. ఎవరూ తిరిగి ఫోను చేయలేదు, ఎవరూ వచ్చి చూడలేదు. అప్పుడు పట్టుకున్న వణుకు మేస్త్రీ దెబ్బలకు కూడా పట్టలేదు.

నాలుగో ఎండాకాలం ఎండలు కొంపలు ముంచేలా వచ్చాయి. ఆసుపత్రుల్లో ఫ్యాన్లు ఆగాయి. దేశాధినేత రెండో ఉత్తర్వు ఇచ్చారు: అట్టేపెట్టిన బాయిలర్లు వెలిగించండి, పదిహేను రోజులు మాత్రమే. నీళ్లు నింపి ఒత్తిడి పరీక్ష చేయడానికి తొమ్మిది రోజులు పడుతుంది కనక, రీడింగులు సక్రమంగా ఉన్నచోట ఆ పరీక్ష అక్కర్లేదని అందులోనే రాశారు. పాత మనుషులను పిలిపించారు. బావమరిది మళ్లీ బాయిలర్ మొహాన నిలబడి మంట చూసే పనిలోకి వచ్చాడు.

ఇంజినీరు లాగ్ బుక్కుల కట్ట చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"దేశం మొత్తంలో మీ బాయిలరే ఆరోగ్యంగా ఉందండీ. మూడేళ్లలో ఒక్కసారి కూడా ముప్పై ఏడు దాటలేదు! పైవాళ్లు దీన్నే ముందు వెలిగించమన్నారు."

గడియారం తల ఊపాడు. నిజం చెప్పడానికి రెండు రోజుల గడువుంది. చెప్తే ఉద్యోగం, పెన్షను గల్లంతు. చెప్పకపోతే, సరిగ్గా కాపాడిన యంత్రం లాగే అది వెలగనూవచ్చు. ఆ రెండు రోజులూ ఆయన సరిగ్గా సమయానికి డ్యూటీకి వెళ్లి, సమయానికి ఇంటికొచ్చాడు.

వెలిగించే ఉదయం ఇంజినీరు కంట్రోల్ రూములో మీట మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కింద బాయిలర్ ముందున్న బావమరిది గొంతు మైకులో వచ్చింది.

"బావా! లోపల మన పొట్టి మేస్త్రీ ఉన్నాడేంటి? ఒకటే కొడుతున్నాడు! జీతం బాకీ ఉందేమో కనుక్కో!"

కింద ఎవరో పకపకా నవ్వారు.

గడియారానికి ఈసారి పట్టిన భయం వేరే రకం. ఆ చప్పుడు ఇన్నాళ్లూ తన ఒక్కడి కోసమే అనుకున్నాడు. ఇంకొకడికి కూడా వినబడుతోందంటే అది తన తలలోది కాదు, బాయిలర్‌ది. లోపల ఏదో రాలుతోంది.

"ఆపండి సార్."

"ఏమైంది?"

"ఆ రీడింగులు నేను చూసి రాసినవి కావు."

"మరి?"

"కుర్చీలో కూర్చుని రాసినవి. రెండున్నరేళ్లు పైనే అయింది."

ఇంజినీరు చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. బావమరిదిని కూడా పిలిచి ముగ్గురూ ఆరో అంతస్తు ఎక్కారు. వేలు మందాన దుమ్ము. పొడిగాలి యంత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంది. తేమ ముల్లు తొంభై ఒకటి మీద నిలబడి ఉంది. దుమ్ము కింద పాత బూటు గుర్తులు మసగ్గా కనబడుతున్నాయి: లోపలికి వచ్చినవి నెమ్మదిగా, దగ్గర దగ్గరగా; బయటికి వెళ్లినవి దూరం దూరంగా.

బాయిలర్ తలుపు తెరిచి ఇంజినీరు నీళ్లు మరిగే ట్యూబు ఒకదాన్ని సుత్తితో మెల్లిగా తట్టాడు. సుత్తి తల ట్యూబు లోపలికి దిగిపోయింది. వెలిగించి ఒత్తిడి ఎక్కిస్తే మరిగిన ఆవిరి ఎవరి మొహాన చిమ్మేదో వేరే చెప్పక్కర్లేదు. బావమరిది ఉన్నచోటే చతికిలబడ్డాడు. 

"నాడి చూడమనే కదా బావా నీకు జీతమిచ్చింది."

బాయిలర్ వెలగలేదు. "సాంకేతిక కారణాలు" అని పైనుంచి ఒక్క వాక్యం ప్రకటన వచ్చింది. ఆ కరెంటు కోసం ఎదురుచూసిన నగరం పద్నాలుగు సాయంత్రాలు చీకట్లో ఉక్కపోతలో మగ్గింది. దేశాధినేత సంతకానికి చట్టసభను దాటే బలముంది, కేంద్రాలను మూయించే బలముంది. తన బదులు ఆరంతస్తులు ఎక్కి చూసేవాడు మాత్రం దానికి కావాలి. అలాంటివాడు ఉన్నాడో లేడో కనుక్కోవడానికి రెండు ఉత్తర్వుల్లోనూ ఒక్క ముక్క లేదు.

ఆ చప్పుడు తుప్పు పెళ్లలు రాలి హాపర్ మీద పడటం వల్లేనని విచారణ నివేదిక తేల్చింది. సరైన మాటే. పెళ్లలు మూడేసి చొప్పున ఎందుకు రాలాయో అందులో లేదు. "నూట పది" సంగతి కూడా లేదు; రోజూ ఫోనులో లెక్క రాసుకునే సీటు కేంద్రం మూతపడిన నెలలోనే రద్దయిందనీ, తమ దగ్గర ఫోను చేసేవాళ్లే లేరనీ పెద్దాఫీసు జవాబిచ్చింది.

బాయిలర్‌ను ముక్కలు కోసి పాత ఇనుముకి అమ్మేశారు. ఇప్పుడు అక్కడ చదును నేల. అయినా కొన్ని ఉదయాలు, సరిగ్గా పదింటికి, అలమరలో గ్లాసులు మూడుసార్లు మోగుతాయని భార్య అంటుంది. వాటిని తీసి మంచం కింద అట్టపెట్టెలో, మధ్యన గుడ్డలు కుక్కి పెట్టింది. బావమరిది ఇంటికి వస్తాడు, భోంచేస్తాడు, జోకులు వేస్తాడు. బాయిలర్ మాట మాత్రం ఎత్తడు.

గడియారాన్ని ముందుగానే రిటైరు చేసి, ఎక్కని మెట్లకు తీసుకున్న భత్యం, రోజుకు అరవై చొప్పున తొమ్మిది వందల నలభై రోజులది, యాభై ఆరు వేల నాలుగు వందలు, వెనక్కి కట్టమన్నారు. పెన్షనులో నెలకు పన్నెండు వందలు కోస్తున్నారు. రెండేళ్లు గడిచాయి. ఇంకా ఇరవై ఏడు వేల ఆరు వందలు బాకీ ఉంది.