శ్రీకాకుళంలో మూడు రోజుల పైథాన్ చదువు

వచ్చే ఏడాది నుంచి ఎకనామిక్స్ పిల్లలకి ప్రోగ్రామింగ్ కూడా చెప్పాలని మా కాలేజీలో నిర్ణయమైంది. ఎవరు చెబుతారని ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములో అడిగినప్పుడు అందరూ తలలు దించుకున్నారు. నేను కాస్త ఆలస్యంగా దించుకున్నాను. అలా యాభై నాలుగేళ్ల వయసులో నా పేరు శ్రీకాకుళం వర్క్‌షాపుకి వెళ్లిపోయింది. అర్థశాస్త్రం మేష్టార్లకి మూడు రోజుల్లో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పుతారట. ఎవరి పాత సర్వే లెక్కలు వాళ్లు వెంట తెచ్చుకోవాలన్నారు. నా దగ్గరున్నది ఒకటే, ఇరవై ఏళ్ల కిందటి పీహెచ్‌డీ సర్వే. నెల్లిమర్ల చుట్టుపక్కల వరి రైతుల ఇళ్లకి తిరిగి రాసుకున్న నోటు పుస్తకాలు తీసి దుమ్ము దులిపి సంచిలో వేసుకున్నాను.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి విజయనగరంలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ఇరవై రూపాయలు. కిటికీ పక్క సీటు కావాలంటే పావుగంట ముందు వెళ్లండి. నెల్లిమర్లలో మా బావమరిది అప్పలసూరి అదే పెట్టెలో ఎక్కాడు. నన్ను చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"ఏటి బావా, ఈ వయసులో పుస్తకాల సంచట్టుకుని బడికెల్తన్నావా? అక్క క్యారేజీ కట్టిందా లేదా?"

"నేను చదువుకోడానికి వెళ్తున్నాను సరే, నువ్వెక్కడికిరా?" అన్నాను.

"సీపురుపల్లి. మడి కొంటానన్నాయన ఉన్నాడక్కడ. మాట్లాడీసి వచ్చీస్తాను. సోమవారం బయానా తీసుకుంటాను."

సూరికున్నది ఎకరం పైచిలుకు మడి. కొన్నేళ్లుగా దాన్ని కౌలుకిచ్చేసి కూలి పనులకి పోతున్నాడు. ఎందుకమ్ముతున్నావని అడిగితే నావైపు వింతగా చూశాడు.

"నువ్వే కదేటి సెప్పినావు! ఎకరా రెండెకరాలోడు ఎంత సేసినా పెద్ద రైతంత పండించలేడని పుస్తకం రాసినావు. నీ మాట మీదే కౌలుకిచ్చీసినాను. ఎంతకాలమని అలా ఉంచుతాను?"

నిజమే, నేనే రాశాను. ఆ మాటతోనే డాక్టరేటు వచ్చింది, ఇరవై ఏళ్లుగా క్లాసులో చెబుతున్నదీ అదే. "మంచి పనే చేస్తున్నావు" అన్నాను. సూరి చీపురుపల్లిలో దిగిపోయాడు.

పొందూరులో ఖద్దరు మూటలతో ఇద్దరాడవాళ్లు ఎక్కారు. నా లాప్‌టాప్ వంక చూసి ఒకామె, "సంటిపిల్లోడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. కింద పెట్టండి మేస్టారూ, ఏడవదు" అంది. పెట్టాను. ఏడవలేదు. ఆమదాలవలసలో దిగి షేరాటోలో శ్రీకాకుళం చేరేసరికి తొమ్మిదిన్నర. ఏడురోడ్ల జంక్షను దగ్గర లాడ్జిలో గది, రోజుకి ఎనిమిది వందలు. ఫ్యాను తిరుగుతుంది కానీ తిరుగుతున్నానని ఊరందరికీ చెబుతుంది. పక్క హోటల్లో పెసరట్టు మాత్రం దివ్యంగా ఉంది, తప్పకుండా తినండి.

వర్క్‌షాపులో మేం ఇరవై మందిమి, అందరం జుట్టు నెరిసినవాళ్లమే. నేర్పే అమ్మాయి పేరు మాధవి, పలాస వైపు పిల్ల. మా అందరి చేతా మొదటి గంటలో "నమస్కారం" అని కంప్యూటర్ మీద రాయించింది. నా దానిలో ఒక కొటేషను గుర్తు తగ్గి తెర నిండా ఎర్రక్షరాలొచ్చాయి. నా పక్కన కూర్చున్నది గుప్తా మేష్టారు, వాళ్ల కుటుంబానికి ఊళ్లో పెద్ద కిరాణా కొట్టుంది. ఆయన, "దీనికంటే మా నాన్నగారు నయమండీ, తిట్టినా తెలుగులో తిట్టేవారు" అన్నారు.

మేం అర్థశాస్త్రం వాళ్లం, ఎక్కడ చిక్కొచ్చినా "మిగతావన్నీ మారవనుకుందాం" అనేసి దాటేస్తాం. కంప్యూటరు ఏదీ అనుకోదు. అంతా మనమే చెప్పాలి, పైగా మర్యాదగా చెప్పాలి. రెండు రోజులు ఈ పాఠమే నేర్చుకున్నాం. సాయంత్రాలు నాగావళి వంతెన మీద నిలబడి గాలి పీల్చుకున్నాం.

మూడోరోజు ఆదివారం పొద్దున్న సొంత లెక్కల మీద పని. ఒక్కో రైతుకీ ఒక్కో చుక్క చొప్పున, భూమి ఎంతుందో అడ్డంగా, ఎకరానికి ఎంత పండిందో నిలువుగా గీయమంది మాధవి. నా పెద్ద రైతుల చుక్కలు బుద్ధిగా పైన ఉన్నాయి, చిన్న రైతులవి చాలావరకు కిందపడి ఉన్నాయి. నా పుస్తకంలో రాసింది కళ్లకి కట్టింది. గర్వంగా పిలిచి చూపించాను.

ఆమె కాసేపు చూసి, "ఎకరంనర రైతులు ఇంతమందున్నారేటి మేస్టారూ? నోటు పుస్తకం ఒకసారి సూపిస్తారా?" అంది. అందులో ఒక అంకె మీద వేలు పెట్టింది. "1.5 అంటే ఎంతండి?"

"ఎకరా ఐదు సెంట్లు" అన్నాను ఠక్కున. వంద సెంట్లు ఎకరమని మా వైపు పలక పట్టని పిల్లాడికీ తెలుసు. ఎకరాలు రాసి, చుక్క పెట్టి, పక్కన సెంట్లు రాసుకోవడం నా అలవాటు.

"మరి ఎకరంనర?"

"1.50."

"కంప్యూటర్‌కి రెండూ ఒకటే కదండి. ఎకరా ఐదు సెంట్లోళ్లందరికీ ఎకరంనర కట్టీసింది."

పీహెచ్‌డీ అప్పుడూ ఈ అంకెలే ఇలాగే కంప్యూటర్‌కి ఎక్కించి లెక్క కట్టించాను. పదెకరాల రైతుకి ఈ పొరపాటు లెక్కలోకే రాదు. ఎకరం రైతుని మాత్రం ముంచేస్తుంది. ఉన్న భూమి ఎక్కువగా పడింది కాబట్టి ఎకరానికి పంట తక్కువగా తేలింది. "మా కొట్లో అయితే ఇది సాయంత్రానికే దొరికిపోయేది" అన్నారు గుప్తా మేష్టారు. నవ్వడానికి ప్రయత్నించాను, రాలేదు. భోజనానికి కూడా లేవకుండా నోటు పుస్తకాలు పక్కన పెట్టుకుని చిన్న రైతుల వరసలన్నీ మళ్లీ ఎక్కించాను. మాధవి చెప్పిన నాలుగు లైన్లు మళ్లీ నడిపించాను. కిందపడిన చుక్కలన్నీ లేచి పెద్ద రైతుల చుక్కల్ని దాటి నిలబడ్డాయి.

అందులో ఒక చుక్క సూరిది, ఎకరా ఐదు సెంట్లు. ఆ ఏడు అతను ఇరవై తొమ్మిది బస్తాలు పండించాడు. ఎకరానికి పందొమ్మిదని నేను రాశాను, నిజానికి ఇరవై ఏడు దాటింది.

మధ్యాహ్నం మూడున్నరకి ఆమదాలవలసలో రైలెక్కాను. సర్టిఫికెట్టు సంచిలో ఉంది, తీసి చూడబుద్ధి కాలేదు. ఈ వర్క్‌షాపు మంచిదేనా అని ఎవరైనా అడిగితే మంచిదే, వెళ్లండి అంటాను. పాత లెక్కలు తీసుకెళ్తే గుండె గట్టిచేసుకుని వెళ్లండి. నిజం చెప్పొద్దూ, నోరు మూసుకుని విజయనగరం వెళ్లిపోతే ఎవరికీ తెలియదన్న ఆలోచనా వచ్చింది. పొందూరు దాటేదాకా ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. తెల్లారితే సూరి బయానా తీసుకుంటాడు. ఫోను తీశాను గానీ ఇది మొహం చూసి చెప్పాల్సిన మాట. ఐదింటికి నెల్లిమర్లలో దిగిపోయాను.

సూరి ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. తప్పు నాదని, అతని చెయ్యి మంచిదేనని, నా మాట విని కౌలుకివ్వడం వల్ల ఇన్నేళ్లు నష్టపోయాడని, క్షమించమని అడిగాను. సూరి గ్లాసు కింద పెట్టాడు.

"అంటే మడి నాది బాగానే పండింది."

"బాగా పండింది."

"నాను అప్పుడే సెప్పేను కదేటి, నా మడి మంచిదని. నువ్వు పుస్తకంలో రాసినావు కదాని ఊరుకున్నాను." లోపలికి తిరిగి పెళ్లాంతో, "ఒసే, సీపురుపల్లి ఆయనకి ఫోన్ సెయ్యి, అమ్మటం లేదని సెప్పు. బావకి టీ తే" అన్నాడు. తర్వాత నా వంక చూసి జరిగి చోటిచ్చాడు.

"కూకో బావా. అయితే ఎకరా ఐదు సెంట్లకి ఎకరంనర కట్టీసినావు. ఆ మిగతా నలభై ఐదు సెంట్లూ ఎక్కడున్నాయో సూపించీ. ఈ ఏడు అది కూడా కలిపి దున్నీస్తాను."